హెడ్‌లైటు కింద సుంకపు మెట్టు

మీ బండి హెడ్‌లైటు చట్టబద్ధంగా ఉందో లేదో మీకు తెలుసా? కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 106వ రూలు ఒకటుంది. దీపానికి ముందు 8 మీటర్ల దూరంలో, దాని కుడి అంచునుంచి అర మీటరు పక్కగా, నేలనుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఒక మనిషి కన్ను ఉందనుకోండి. మీ లైటు ఆ కంట్లో కొట్టకూడదు, కిందికి వాలి ఉండాలి. దానికి ముందున్న 105వ రూలు ప్రకారం చీకటి పడ్డాక అదే లైటు 155 మీటర్ల ముందున్న మనుషుల్నీ బండ్లనీ స్పష్టంగా చూపించాలి. వెనక నంబరు ప్లేటు మీద ఒక దీపం పడాలి, ఆ వెలుగులో అంకెలు 15 మీటర్లనుంచి చదవగలగాలి.

రోడ్డు పక్కన చెయ్యెత్తి బండి ఆపే ఉద్యోగి దగ్గర కొలతల టేపు లేదు. మన దగ్గరా లేదు. ఆయనకున్నది తన కంటి అంచనా, మనకున్నది జేబులో ఉన్నంత.

ముందే ఒక మాట చెప్పాలి. లైట్ల చట్టమే అక్కర్లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఎదురుగా వచ్చే కారు డిప్పర్ కొట్టకపోతే బైకు మీదున్నవాడికి రెండు మూడు క్షణాలు రోడ్డే కనిపించదు. ఆ క్షణాల్లోనే గుంత రావచ్చు, రోడ్డు దాటే ముసలమ్మ రావచ్చు. మండ్య, బెళగావి, కొల్హాపూర్ వైపు చెరకు కోతల కాలంలో రాత్రిపూట తిరిగినవాళ్లకు, వెనక ఎర్రలైటు గానీ రిఫ్లెక్టరు గానీ లేకుండా రోడ్డు మీద నిలబెట్టిన ట్రాక్టరు ట్రాలీ అంటే ఏమిటో తెలుసు. దగ్గరికి వెళ్లేదాకా అక్కడ ట్రాలీ ఉందని తెలియదు, తెలిశాక బ్రేకు అందదు. లైటు సరిగా ఉంచుకోవడం మన పొరుగువాడి ప్రాణానికి సంబంధించిన పని. అందులో వాదన లేదు.

అయితే ఆ చట్టం రోడ్డు మీద ఎవరి మీద పనిచేస్తోందో చూడండి. ఆ చెరకు ట్రాలీని లైటు లేదని ఆపడం మీరు ఎన్నిసార్లు చూశారు? దాని వెనక ఫ్యాక్టరీ ఉంటుంది, భూమి ఉన్న కుటుంబం ఉంటుంది, వాళ్లకో ఎమ్మెల్యే ఉంటాడు. టాపు మీద ఎల్‌ఈడీ బారు బిగించి ముందు పార్టీ జెండా కట్టుకున్న పెద్ద కారును ఆపాలంటే ఎవరైనా ఒకసారి ఆలోచిస్తారు. అద్దం దిగేదాకా లోపల ఎవరున్నారో తెలియదు కదా. బైకు మీద మాత్రం మనిషి మొత్తం కనిపిస్తాడు. చొక్కా, చెప్పులు, హ్యాండిల్‌కి తగిలించిన టిఫిన్ సంచి, వెనక కూర్చున్న భార్య, ఒంటి రంగు. ఎంత ఇవ్వగలడో, ఎదురు మాట్లాడతాడో లేదో ఆపకముందే లెక్క కట్టేయొచ్చు.

2022 జూన్‌లో అప్పటి కర్ణాటక డీజీపీ ప్రవీణ్ సూద్ ఒక మంచి ఆదేశం ఇచ్చారు. కేవలం కాగితాలు చూడడానికి ఏ బండినీ ఆపకూడదు, కంటికి కనిపించే ఉల్లంఘన జరిగితేనే ఆపాలి, తాగి నడిపేవాళ్ల తనిఖీ ఒక్కటే మినహాయింపు అని. జనం సంతోషించారు. కానీ కంటికి కనిపించే ఉల్లంఘనల్లో అన్నిటికంటే తేలికగా దొరికేది ఏది? లైటే. హెల్మెట్ ఉంది, సిగ్నల్ దాటలేదు, ముగ్గురు ఎక్కలేదు, ఫోను మాట్లాడడం లేదు. నంబరు ప్లేటు మీది వేలెడంత బల్బు వెలగడం లేదు. సీటు మీద కూర్చున్నవాడికి అది ఎప్పుడు ఆరిపోయిందో కనిపించను కూడా కనిపించదు.

ఆపాక బల్బు సంగతి ఎవరికీ గుర్తుండదు. ఆర్సీ తియ్యి, డీఎల్ తియ్యి, ఇన్సూరెన్సు ఏది, పొల్యూషన్ ఏది. 2019 సవరణ తర్వాత లైటు తప్పుకు 177వ సెక్షన్ కింద మొదటిసారి 500 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 1,500 దాకా. లైసెన్సు లేకపోతే 5,000. ఇన్సూరెన్సు లేకపోతే 2,000. పొల్యూషన్ దగ్గర 10,000 దాకా వెళ్లొచ్చు. (రోడ్డు మీద కట్టించుకునే మొత్తాలను కొన్ని రాష్ట్రాలు తగ్గించాయి, అది వేరే లెక్క.) అంటే ఐదు వందల తప్పుతో తలుపు తెరిచి లోపల వేలల కోసం వెతుకుతారు. ఆ ఐదు వందలకూ ఆ వేలకూ మధ్య ఉన్న జాగాలోనే “ఏదో ఒకటి చూసుకో” అన్న మాట పుడుతుంది. దానికి రసీదు ఉండదు.

ఇక మన ప్లేట్లు, మన భాష. హొసూరులో తరతరాలుగా ఉంటున్న తెలుగువాడు పొద్దున అత్తిబెలె దాటి బెంగళూరు పనికి వెళ్తాడు. బండి తమిళనాడుది, ఆపేవాళ్లు మాట్లాడేది కన్నడం, ఇంట్లో మాట తెలుగు. యానాంవాళ్ల పీవై ప్లేటు వంతెన దాటగానే పరాయి రాష్ట్రం బండి అయిపోతుంది. మనవాళ్లలో చాలామందికి ఆ భాష బాగానే వచ్చు, కానీ భయంలో మొదట నోట్లోంచి వచ్చేది తెలుగే. ఆ ఒక్క మాటతో ధర పెరుగుతుంది. తర్వాతి ప్రశ్న “ఏ ఊరు?” అని, ఆ తర్వాతిది “ఏ కాలనీ?” అని. ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారో ఈ పత్రిక చదివేవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడ కులం పేరు పెట్టి తిట్టినా దళిత క్రైస్తవుడి చేతిలో అట్రాసిటీ చట్టం లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు అతణ్ణి షెడ్యూల్డ్ కులం లెక్కలోంచే తీసేసింది. సర్టిఫికెట్‌లో పోయిన కులం రోడ్డు పక్కన మాత్రం పోలేదు.

లైటు సాకుతో బండి ఆపడం మన దగ్గరే ఉన్న విద్య కాదు. అమెరికాలో నల్లజాతివారు దీన్ని దశాబ్దాలుగా అనుభవిస్తున్నారు. ఉత్తర కరోలినా రాష్ట్రంలో ఒక బ్రేక్ లైటు వెలగడం లేదని పోలీసు ఒక కారు ఆపాడు. తీరా కోర్టుకు వెళ్తే ఆ రాష్ట్ర చట్టానికి ఒక్క బ్రేక్ లైటు వెలిగితే చాలని తేలింది. ఆపడానికి కారణమే లేదన్నమాట. అయినా 2014 డిసెంబరులో అమెరికా సుప్రీంకోర్టు, పోలీసు చట్టాన్ని పొరపాటుగా అర్థం చేసుకున్నా ఆ పొరపాటు సమంజసమైనదైతే ఆపడం చెల్లుతుందని 8–1తో తీర్పు చెప్పింది. విభేదించిన ఒక్కరు జస్టిస్ సోటోమయోర్. చట్టం తెలియకపోవడం నడిపేవాడికి తప్పు, ఆపేవాడికి క్షమార్హం! మరుసటి ఏడాది, 2015 ఏప్రిల్ 4న, దక్షిణ కరోలినాలో వాల్టర్ స్కాట్ అనే నల్లజాతి మనిషిని బ్రేక్ లైటు కోసమే ఆపారు. దిగి పరుగెత్తిన అతణ్ణి పోలీసు వెనకనుంచి కాల్చి చంపాడు. ఆ పోలీసుకు తర్వాత 20 ఏళ్ల శిక్ష పడింది. అక్కడ ఏడ్చి ఊరుకోలేదు. 2021లో ఫిలడెల్ఫియా నగరం, ఒక లైటు ఆరిపోవడం లాంటి చిన్న తప్పులకు బండి ఆపకూడదని చట్టమే చేసుకుంది.

మన దగ్గర తుపాకీ తీసేది తక్కువ. చెయ్యి అడ్డం పెడతారు, హ్యాండిల్ పట్టుకుంటారు, తాళంచెవి లాక్కుంటారు. ప్రాణం పోవడానికి అది చాలు. 2018 మార్చిలో తిరుచ్చి దగ్గర హెల్మెట్ కోసం వెంటాడిన పోలీసు అధికారి బైకును తన్నడంతో వెనక కూర్చున్న మహిళ పడి చనిపోయింది. 2025 మేలో కుక్క కరిచిన చిన్నపిల్లను తల్లిదండ్రులు బైకు మీద మండ్య ఆసుపత్రికి తీసుకెళ్తుంటే హెల్మెట్ తనిఖీలో ఆపారు. పిల్ల కింద పడింది, మీదినుంచి లారీ వెళ్లింది. ముగ్గురు ఏఎస్సైలను సస్పెండు చేశారు. బండికి హఠాత్తుగా అడ్డం పోకూడదు, తాళం లాక్కోకూడదు అని తర్వాత సూచనలు జారీ అయ్యాయి. ఈ రెండూ హెల్మెట్ కేసులు, లైటు కేసులు కావు, నిజమే. కానీ హెల్మెట్ లేని తల పట్టపగలు దూరంనుంచి కనిపిస్తుంది. లైటు తనిఖీ చీకట్లో జరుగుతుంది, వెనక లారీలు వస్తుండగా, వెలగని దీపమున్న బండిని రోడ్డు అంచుకు లాగి. ఏది ఎక్కువ ప్రమాదం?

ఇంతకీ ఈ కళ్లలో కొట్టే బల్బులు ఎక్కడినుంచి వస్తున్నాయి? 2024 జూలైలో కర్ణాటక పోలీసులు ఎల్‌ఈడీ హెడ్‌లైట్ల మీద రాష్ట్రమంతటా కేసులు పెట్టడం మొదలుపెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ కంపెనీయే ఎల్‌ఈడీ పెట్టి అమ్మిన బండి సక్రమం, అలాంటి తెల్లని వెలుగే ఇచ్చే బల్బు బజార్లో కొని బిగిస్తే అక్రమం కావచ్చు. ఎదురుగా వస్తున్న వెలుగును చూసి ఈ రెంటికీ తేడా చెప్పగలిగేవాడెవరు? దుకాణంలో అయితే తేడా డబ్బా మీదే ఉంటుంది. బండిలో సొంత మార్పులు చేసుకున్న యజమానికి 182ఏ సెక్షన్ ఆరు నెలల జైలు లేదా మార్పుకు 5,000 జరిమానా అంటుంది. అదే సెక్షన్, భద్రతకు కీలకమని నోటిఫై చేసిన విడిభాగాలను ప్రమాణాలు లేకుండా అమ్మినవాడికి ఏడాది జైలు లేదా ఒక్కో భాగానికి లక్ష అంటుంది. ఐదు వేల వాక్యం రోడ్డు మీద అందరికీ తెలుసు. లక్ష వాక్యం ఏ దుకాణం గుమ్మం ఎక్కిందో నాకు కనిపించలేదు.

ఇంకో తమాషా. 2017 ఏప్రిల్ 1నుంచి కొత్త టూవీలర్లకు ఇంజను ఆన్ అయితే హెడ్‌లైటు దానంతటదే వెలగాలి. పగలు లైటు వెలుగుతుంటే ఎదురొచ్చే ప్రతివాడూ గుప్పిట మూసి తెరిచి సైగ చేస్తాడు. విసిగి ఒకడు మెకానిక్ దగ్గర స్విచ్చి పెట్టించుకుంటాడు. దాన్ని మార్పు కింద పట్టుకుంటే? ఈ నిబంధన మార్చినప్పుడు ఎవరైనా మన పేటకొచ్చి చెప్పారా?

ఇప్పుడు మన మందిరాల సంగతి. ఈ విషయం సంఘంలో ఎత్తితే పెద్దలు వెంటనే రోమా పత్రిక 13వ అధ్యాయం తెరుస్తారు. అధికారులకు లోబడాలి, చలానా కట్టేసి రా, ప్రార్థన చేద్దాం. యొర్దాను ఒడ్డున బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి సుంకరులూ సైనికులూ వచ్చి మేమేం చేయాలని అడిగినప్పుడు ఆయన ఏం చెప్పాడో మాత్రం చదవరు. ఉద్యోగాలు మానేయమనలేదు. నిర్ణయించిన దానికంటే పైసా ఎక్కువ తీసుకోవద్దన్నాడు, ఎవర్నీ బెదిరించి గుంజవద్దన్నాడు, జీతంతో సరిపెట్టుకోమన్నాడు. ఇంత తిన్నని రోడ్డు మీది ప్రసంగం బైబిల్లో ఇంకోటి ఉందా? పోలీసు శాఖలో పనిచేసే విశ్వాసులు మన ఆరాధనల్లో ముందు వరుసలో కూర్చుంటారు. వాళ్ల ఎదుట ఆ వచనాలు ఎత్తే ధైర్యం మన ప్రసంగ వేదికలకు లేదు. పైగా మనవాడు దొరికితే వాళ్లకే ఫోను చేసి విడిపించుకుంటాం. ఫోను చేయడానికి ఎవరూ లేనివాడు అక్కడే నిలబడి ఉంటాడు.

యువత కూడా వినాలి. కన్వెన్షన్‌కి వెళ్లే వ్యాను మీద తిరిగే రంగు లైట్లు, బైకు ముందు నీలం వెలుగుల సిలువ, నంబరు ప్లేటు పక్కన “పాస్టర్” స్టిక్కరు. వీటితో మనం అడుగుతున్నది న్యాయం కాదు, మినహాయింపు. ఆ స్టిక్కరు ఉన్న చేత్తో పేదవాడి తరఫున అర్జీ ఎలా ఇస్తాం? పీకేయండి.

అడగాల్సినవి పెద్దవేం కావు. ఒక్క లైటు పోయిందని బండి ఆపి నిలబెట్టకూడదు. ఫొటో తీసి, వారం పది రోజుల్లో బాగుచేయించి చూపించమని నోటీసు పంపాలి. కాగితాలు ఎలక్ట్రానిక్ రూపంలో చూపించినా చెల్లుతుందని 2018లోనే 139వ రూలు మార్చారు, దాన్ని ఒప్పుకోవాలి. లైసెన్సు తీసుకుంటే 206వ సెక్షన్ ప్రకారం రసీదు ఇవ్వాలి. లైటు కేసులు దుకాణంనుంచి మొదలవ్వాలి.

మన వంతు పని మందిరం ఆవరణలోనే ఉంది. చాలా సంఘాల్లో ఆటో ఎలక్ట్రీషియన్ ఒకరైనా ఉంటారు. నెలకో ఆదివారం సాయంత్రం ఆరాధన అయ్యాక అరగంట, గోడకు ఎదురుగా బండ్లు నిలబెట్టి వెలుగు ఎక్కడ పడుతోందో చూడొచ్చు, పోయిన బల్బు మార్చొచ్చు. అక్కడే ఒక నోటు పుస్తకం పెట్టండి. ఎవరిని, ఏ తేదీన, ఏ లైటు కోసం ఆపారు, ఎంత తీసుకున్నారు, రసీదు ఇచ్చారా. ఆరు నెలల తర్వాత ఆ పుస్తకం పక్కన పెట్టుకుని జిల్లా పోలీసు కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు రాయండి. లైట్ల మీద ఎన్ని కేసులు, అందులో టూవీలర్లు ఎన్ని, కార్లు ఎన్ని, ట్రాక్టర్లు ఎన్ని, 182ఏ కింద ఎన్ని దుకాణాల మీద కేసు పెట్టారు. ఫీజు పది రూపాయలు, జవాబుకు 30 రోజుల గడువు. కన్నడంలోనో తమిళంలోనో మరాఠీలోనో ఒడియాలోనో తప్పులు లేకుండా ఆ దరఖాస్తు రాయగల పిల్లలకు మన సంఘాల్లో కొదవ లేదు. వాళ్లు చదువుకున్నది అక్కడి బళ్లలోనే.