ఉక్కపోతలో మంచు భ్రమ!

శ్రావణమాసం వచ్చిందంటే మా పెదనాన్నకు బెంగ మొదలవుతుంది. బెంగ వానల గురించి కాదు... పెట్టెలో ఉన్న వయొలిన్ గురించి!

విజయనగరం దగ్గర రామతీర్థంలో ఉంటారాయన. ఓ పక్క రాములవారి గుడి, ఇంకో పక్క బౌద్ధుల నాటి శిథిలాలున్న గురుభక్తులకొండ. వానలు పట్టుకున్నాయంటే ఊరంతా చెమ్మే. అప్పడాలు మెత్తబడితే ఎండబెట్టుకోవచ్చు. చెప్పులకు బూజు పడితే తుడుచుకోవచ్చు. వయొలిన్ అలా కాదే! చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది. అతుకుల దగ్గర జిగురు వదిలేస్తుంది. అది మా తాతయ్య వాయించింది. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలవడం, అక్కడ ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ నేర్పడం... ఇవన్నీ మా ఇంట్లో కథలుగా చెప్పుకునేవారు.

గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే వయొలిన్‌కు క్షేమం. అందుకే మా అన్నయ్య రెండేళ్ల కిందట ఓ డీహ్యుమిడిఫయర్ కొనిచ్చాడు. ఈసారి నేను వెళ్లేసరికి అది మొండికేసింది.

‘‘ఏటోనే అమ్మా! ఫ్యాను తిరుగుతోంది గానీ చుక్క నీరు దిగట్లేదు. కంప్రెసర్ పోయిందట, కొత్తది కొనుక్కోమన్నాడు’’ అన్నారు పెదనాన్న దిగులుగా.

ఇంతకీ ఆ యంత్రం చేసే పనేంటి? గదిలో గాలిని లోపలికి లాగి చల్లటి గొట్టాల మీదుగా పంపిస్తుంది. చల్లనీళ్ల గ్లాసుకు చెమట పట్టినట్టే ఆ గొట్టాలకూ నీళ్లు పట్టి కింద డబ్బాలోకి కారతాయి. గొట్టాలు మరీ చల్లబడితే మంచు కడుతుంది. దాన్ని కనిపెట్టడానికి గొట్టానికి చిన్న సెన్సర్ తగిలిస్తారు. మంచు కట్టిందని అది చెబితే, కరిగేదాకా కంప్రెసర్ ఆగిపోతుంది, ఫ్యాను మాత్రం తిరుగుతుంది.

అచ్చం మన యంత్రం చేస్తున్నట్టే!

ఊళ్లో టీవీలు బాగుచేసే కుర్రాణ్ని పిలిచాం. ముందు ప్లగ్ పీకించాడు. కాసేపు ఆగి మూత విప్పాడు. ఫిల్టర్ శుభ్రంగానే ఉంది. సెన్సర్ తీగను బోర్డు నుంచి ఊడదీసి మల్టీమీటర్ పెట్టాడు. ఇలాంటి సెన్సర్లలో చాలావాటికి 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌ల నిరోధం ఉంటుంది. వేడి తగిలితే తగ్గుతుంది, చల్లబడితే పెరుగుతుంది. ఐసు నీళ్లలో పెడితే 30 కిలో ఓమ్‌లు దాటుతుంది. అరచేతిలో పట్టుకుంటే అంకె దిగిపోవాలి.

మన సెన్సర్ చేతిలో ఉన్నా మీటరు మీద అంకె 40 దగ్గరే కూర్చుంది! చొక్కా తడిసిపోయే ఉక్కలో, అది మాత్రం లంబసింగిలో ఉన్నాననుకుంటోంది. పాపం, కంప్రెసర్ తప్పేమీ లేదు.

విజయనగరంలో ఎలక్ట్రానిక్స్ సామాన్ల కొట్లో అదే విలువ సెన్సర్ వంద రూపాయల లోపే దొరికింది. పాతది ఉన్నచోటే, గొట్టానికి గట్టిగా ఆనేలా క్లిప్పుతో బిగించాడు.

మీ ఇంట్లోనూ ఇలాగే జరిగితే ఒకటి రెండు మాటలు. విలువలు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి మాన్యువల్ చూడండి. తెర మీద ఎర్రర్ కోడ్ కనిపిస్తే రాసిపెట్టుకోండి. సెన్సర్ సరిగ్గానే ఉంటే అక్కడితో ఆగిపోండి. గ్యాసు గొట్టాల జోలికి మాత్రం వెళ్లొద్దు, కొన్నింట్లో మండే గ్యాసు ఉంటుంది. అది తెలిసిన మెకానిక్ పని. ఆయన ‘కంప్రెసర్ పోయింది’ అంటే మాత్రం ‘సెన్సర్ చూశారా?’ అని ఒక్క మాట అడగండి.

మర్నాడు లేచేసరికి డబ్బాలో సగానికి నీళ్లున్నాయి. పెదనాన్న వాటిని పెరట్లో మొక్కలకు పోసొచ్చి, చేతులు తుడుచుకుని, వయొలిన్ పెట్టె తెరిచారు.