కాక్‌పిట్‌లో కూర్చున్నదీ మనిషే

పోస్టు కొంచెం పెద్దది. తీరిక చూసుకుని చదవండి. ఎవరికైనా కోపం వస్తే చివరిదాకా చదివాకే కామెంటు పెట్టండి.

బీదర్ వాళ్లకు విమానం చప్పుడు కొత్త కాదు. మన ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లో కుర్ర పైలట్లు హాక్ విమానాల మీద శిక్షణ పొందుతారు. సూర్యకిరణ్ బృందం 1996లో ఇక్కడే పుట్టింది. అదే రన్‌వే మీద నుంచి 2020 ఫిబ్రవరిలో బెంగళూరుకు ప్రయాణికుల విమానం మొదలై, మధ్యలో ఆగిపోయి, 2025లో మళ్లీ మొదలైంది. తల పైకెత్తి చూస్తూ పెరిగిన మన పిల్లల్లో పైలట్ అవుతామనేవాళ్లు ఉండడం సహజం. అందుకే ఇది ఎక్కడో జరిగిన సంగతి కాదు, మన సంఘంలో మాట్లాడుకోవలసిన సంగతే అని మేము అనుకుంటున్నాం.

2025 జూన్ 12న అహ్మదాబాద్ నుంచి లండన్‌కు బయలుదేరిన ఎయిరిండియా 171 విమానం కూలింది. అందులో ఉన్న 242 మందిలో ఒక్కరే బతికారు. కింద ఉన్నవాళ్లతో కలిపి 260 మంది పోయారు. నెల తర్వాత దర్యాప్తు సంస్థ ఏఏఐబీ ప్రాథమిక నివేదిక ఇచ్చింది. గాల్లోకి లేచిన కొద్ది సెకన్లకే రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లు ఒక సెకను తేడాతో 'రన్' నుంచి 'కటాఫ్'కు మారాయని అందులో ఉంది. ఎందుకు ఆపావని ఒక పైలట్ అడిగితే, నేను ఆపలేదని రెండో ఆయన అన్నట్టు కూడా ఉంది. అడిగింది ఎవరో, బదులిచ్చింది ఎవరో ఆ నివేదిక చెప్పలేదు. స్విచ్‌లు ఎలా మారాయో చెప్పలేదు. సుమారు పది సెకన్ల తర్వాత వాటిని తిరిగి 'రన్'కు మార్చారని మాత్రం చెప్పింది.

నివేదిక అంతవరకే చెప్పింది. మన గ్రూపులు మాత్రం తీర్పే ఇచ్చేశాయి. కావాలనే కూల్చాడట, ఇంట్లో ఏవో బాధలట, డిప్రెషనట. అన్నీ 'అట'లే. ఆ 'అట'ల కింద నలిగింది చనిపోయిన మనిషి ఒక్కడే కాదు. 2025 నవంబరులో ఆ కెప్టెన్ తండ్రి, తొంభై దాటిన పెద్దాయన, సుప్రీంకోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది. మీ అబ్బాయిని ఎవరూ తప్పుపట్టలేరు, ఆ భారం మనసులో పెట్టుకోకండి అని న్యాయమూర్తులు ఆయనకు చెప్పారు. కొడుకు పోయిన తండ్రికి ఆ మాట కోర్టు చెప్పవలసి వచ్చిందంటే, చుట్టూ ఉన్న మనం ఏం మాట్లాడామో ఆలోచించుకోవాలి.

అలాగని పైలట్లు విమానాన్ని కావాలని కూల్చడం అనేదే లేదని మేము అనడం లేదు. ఉంది. చాలా అరుదు, కానీ ఉంది. 1982లో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని టోక్యో హనేడా దగ్గర దిగే ముందు కెప్టెనే సముద్రంలో పడేశాడు. 24 మంది చనిపోయారు. ఆయనకు అంతకుముందే మానసిక అనారోగ్యం ఉంది. 1999లో ఈజిప్ట్‌ఎయిర్ 990 అట్లాంటిక్‌లో పడి 217 మంది పోయారు. సహాయ పైలట్ చర్యల వల్లే అని అమెరికా దర్యాప్తు సంస్థ చెప్పింది, ఈజిప్టు ఒప్పుకోలేదు. 2013లో మొజాంబిక్ విమానం నమీబియాలో కూలి 33 మంది పోయారు. తోటి పైలట్ బయటికి వెళ్లగానే కెప్టెన్ తలుపు వేసుకున్నాడు. 2014లో మాయమైన మలేషియా ఎంహెచ్ 370 సంగతి ఇప్పటికీ తేలలేదు. ఇక 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ విమానాన్ని కో పైలట్ ఆల్ప్స్ కొండలకు ఢీకొట్టించాడు. 150 మంది చనిపోయారు.

మామూలు పొరపాటు వేరు, ఇది వేరు. 2010 మే 22న మన రాష్ట్రంలోనే మంగళూరులో 158 మంది చనిపోయారు. ఆ కెప్టెన్ ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయి, లేచాక సరైన నిర్ణయం తీసుకోలేకపోయాడని దర్యాప్తులో తేలింది. అది అలసట. దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టి 'పైలట్ తప్పు' అనేస్తే ఏ రోగానికీ మందు దొరకదు.

జర్మన్‌వింగ్స్ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఆ కుర్రాడికి అంతకు ఆరేడేళ్ల ముందే డిప్రెషన్ వచ్చి తగ్గింది. చికిత్స తర్వాత లైసెన్సు వచ్చింది. 2014 చివర్లో మళ్లీ బాగా లేకుండా పోయింది. చాలామంది డాక్టర్ల దగ్గరికి తిరిగాడు. మానసిక వైద్యశాలలో చేరమని ఒక డాక్టరు ప్రమాదానికి రెండు వారాల ముందు చెప్పాడు. పని చేయలేడని డాక్టర్లు ఇచ్చిన సెలవు చీటీలను కంపెనీకి ఇవ్వలేదు. కంపెనీకి ఆయన చెప్పలేదు, డాక్టర్లూ చెప్పలేదు. చెబితే లైసెన్సు పోతుంది. శిక్షణ కోసం చేసిన అప్పు 40,000 యూరోలకు పైగా ఉంది. లైసెన్సు పోతే జీతం లేదు, అప్పు మాత్రం ఉంటుంది. ఇది ఆయన చేసినదానికి సమర్థన కాదు. 149 మందిని చంపే హక్కు ఏ బాధా ఇవ్వదు. కానీ ఫ్రాన్స్ దర్యాప్తు సంస్థ కూడా తన నివేదికలో శిక్ష గురించి మాత్రమే మాట్లాడి ఊరుకోలేదు. లైసెన్సు పోతే ఆదుకునే బీమా ఉండాలని, తోటి పైలట్లతోనే మనసు విప్పి మాట్లాడుకునే ఏర్పాటు ఉండాలని, డాక్టరు ఎప్పుడు రహస్యం దాటి చెప్పవచ్చో స్పష్టంగా ఉండాలని చెప్పింది.

ఇంకో విచిత్రం చూడండి. ఆ రోజు కెప్టెన్ బయట నిలబడి తలుపు బాదాడు. అది తెరుచుకోలేదు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత హైజాకర్లు రాకుండా గట్టిగా చేసిన తలుపు అది. దొంగకు భయపడి వేసిన తాళం ఇంటివాడినే బయట నిలబెట్టింది. ఆ తర్వాత కాక్‌పిట్‌లో ఎప్పుడూ ఇద్దరు ఉండాలని యూరప్‌లో సలహా ఇచ్చారు. 2017లో జర్మనీ కంపెనీలే దాన్ని వదిలేశాయి. తలుపులు, తాళాలు, కాపలాలు కొంతవరకే.

ఇలాంటివాటికి ప్రేరణ ఎక్కడి నుంచి వస్తుందని కొందరు అడుగుతారు. ఒక్క కారణం ఎప్పుడూ ఉండదు. జబ్బు, అప్పు, కుటుంబ బాధ, ఒంటరితనం, ఉద్యోగ భయం కలిసి పేరుకుంటాయి. దానికి తోడు వార్తలు. అమెరికాలో డేవిడ్ ఫిలిప్స్ అనే సామాజిక శాస్త్రవేత్త 1978లో ఒక పరిశీలన ప్రచురించాడు. ఎవరినో చంపి తానూ చచ్చిన వార్త పత్రికల్లో పెద్దగా వచ్చిన తర్వాత కొద్ది రోజులు చిన్న ప్రైవేటు విమానాల ప్రమాదాలు పెరిగాయని అందులో చూపించాడు. దాని మీద వాదనలు ఉన్నాయి. అయినా ఆత్మహత్య వార్తల్ని వివరాలతో, నాటకీయంగా రాయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలకు చెబుతూనే ఉంది. ఇప్పుడు ప్రతి వాట్సాప్ గ్రూపూ ఒక పత్రికే కదా.

మన సంఘంలోనే కొందరు పెద్దలు అడిగే ప్రశ్న ఒకటుంది. వందల ప్రాణాలకంటే ఒక పైలట్ ఉద్యోగం ఎక్కువా? మనసు బాగాలేదని ఒక్కసారి తెలిసినా పీకేయాలి అంటారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ పీకేస్తారని తెలిస్తే ఎవడు చెబుతాడు? వైద్య పరీక్ష ఏడాదికి ఒకటో రెండో రోజులు. మిగతా రోజులన్నీ దాచుకోవచ్చు. జర్మన్‌వింగ్స్ కుర్రాడి చేతిలో చెల్లే సర్టిఫికెట్ ఉంది. కఠినంగా ఉంటే జబ్బున్నవాళ్లు తగ్గరు, చెప్పేవాళ్లు తగ్గుతారు. అమెరికా 2010లోనే కొన్ని డిప్రెషన్ మందులు వాడుతూ, డాక్టర్ల పర్యవేక్షణలో విమానం నడపడానికి అనుమతి ఇచ్చింది. మందు వేసుకుంటూ చెప్పుకున్నవాడు, దాచుకుని ఎగిరేవాడికంటే మనకు మేలు. మన డీజీసీఏ కూడా 2023లో పైలట్ల మానసిక ఆరోగ్యం మీద సర్క్యులర్ ఇచ్చి, తోటివారి సహాయ ఏర్పాటు ఉండాలని సూచించింది. ఆ సూచన ప్రతి కంపెనీలో, ప్రతి శిక్షణ సంస్థలో నిజంగా అమలు కావాలి. ప్రయాణికులుగా మనం అడగవలసింది అదీ.

ఇక మనవరకు మూడు మాటలు.

ఒకటి. ఏ ప్రమాదమైనా దర్యాప్తు తేల్చేదాకా చనిపోయిన పైలట్ మీద నింద మన సంఘం గ్రూపులో పెట్టవద్దు. పెడితే అడ్మిన్లు తీసేయాలి. మొహమాటం వద్దు.

రెండు. పైలట్ కోర్సుకు అరకోటి దాటి ఖర్చవుతోంది. పొలం అమ్మి, ఇల్లు తాకట్టు పెట్టి పిల్లల్ని పంపే తల్లిదండ్రులు ఉన్నారు. పంపండి. కానీ అప్పు మాట పిల్లాడి నెత్తిన రోజూ పెట్టకండి. వైద్య కారణంతో లైసెన్సు పోతే ఆదుకునే బీమా ఉందో లేదో ముందే కనుక్కోండి. ఒకవేళ ఎగరలేకపోతే ఇంటికి తిరిగి రావచ్చని వాడికి నోటితో చెప్పండి. మనసులో అనుకుంటే సరిపోదు.

మూడు. 'పిచ్చి', 'మెంటల్' అనే మాటలు మన ఇళ్లల్లో తిట్లుగా వాడుతున్నాం. రేపు మన బిడ్డే నిద్ర పట్టడం లేదు, బతకాలని లేదు అని చెప్పవలసి వస్తే, ఆ మాటలే వాడి నోరు నొక్కేస్తాయి. పైలట్ అయినా, డిగ్రీ చదివే పిల్లయినా, కొట్టు నడిపే మనిషైనా అంతే. టెలీ మానస్ నంబరు 14416. డబ్బు కట్టనక్కర్లేదు, ఎప్పుడైనా చేయవచ్చు. తెలుగులోనూ కన్నడలోనూ మాట్లాడతారు. ఈ నంబరు మన సంఘం నోటీసు బోర్డు మీద, ఈసారి వేసే క్యాలెండర్ మీద పెద్ద అక్షరాల్లో ఉండాలని కార్యవర్గాన్ని కోరుతున్నాం.

ఒప్పుకోనివాళ్లు ఎందుకు ఒప్పుకోరో కింద రాయండి. వచ్చే సమావేశంలో కూర్చుని మాట్లాడుకుందాం.