కొత్త పశువైద్యులు రావాలి, వచ్చినవాళ్లు నిలవాలి

రోహిణి కార్తె పోయి మృగశిర వచ్చిందంటే మన్యం రైతుకు రెండు దిగుళ్లు. ఒకటి వాన గురించి, రెండోది ఎడ్ల గురించి. తొలకరికి గొంతువాపు లేస్తుంది. గురక వ్యాధి అనేది దీన్నే. పొద్దున మేత మానిన ఎద్దు మర్నాటికి ఉండదు. దుక్కి అదునులో జోడెడ్లలో ఒకటి పోతే రెండెకరాల రైతుకు ఆ కారు పోయినట్టే.

ఈ జబ్బుకు మందు లేక కాదు. వానలకు ముందే టీకా వేయించుకుంటే భయం తగ్గుతుంది. జబ్బు తగిలినా తొలి గంటల్లో సూదిమందు పడితే పశువు దక్కే అవకాశం ఉంది. కరువు వచ్చింది మందుకు కాదు, మనిషికి. చర్ల, దుమ్ముగూడెం, గుండాల, ములకలపల్లి లాంటి అడవి మండలాల్లో డాక్టరు పోస్టు ఖాళీ పడితే పక్క మండలం డాక్టరుకు ఇన్‌చార్జి అప్పగిస్తారు. ఒక్క మనిషి రెండు మండలాలు తిరిగితే టీకాలు వేస్తాడా, కేసులు చూస్తాడా?

5000 పశువులకు ఒక పశువైద్యుడు ఉండాలని జాతీయ వ్యవసాయ కమిషన్ 1976లోనే చెప్పింది. మైదానంలో ఆ లెక్క సరే. ఇక్కడ పశువులు వాగుల అవతల గూడేల్లో చెదిరి ఉంటాయి. లెక్క తలలతో కాదు, దూరంతో వేయాలి. 2017లో 1962 నంబరుతో సంచార పశువైద్య వాహనాలు వచ్చాయి, మంచిదే. కానీ వాగు పొంగినప్పుడు వాహనం ఒడ్డునే ఆగుతుంది. మండలంలో మకాం ఉన్న డాక్టరుకు అది బదులు కాదు.

భర్తీలు జరగడం లేదని కాదు. 2022 డిసెంబరులో పబ్లిక్ సర్వీస్ కమిషన్ 185 వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ పోస్టులకు ప్రకటన ఇచ్చింది. రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు కాలేజీల నుంచి పిల్లలు చదివి బయటకు వస్తున్నారు. అయితే ఆర్డరు చేతికిచ్చి బస్సెక్కిస్తే సరిపోతుందా? ఇరవై నాలుగేళ్ల పిలగాడు ఒంటరిగా ఏజెన్సీకి వస్తాడు. ఉండటానికి ఇల్లు దొరకదు. అర్ధరాత్రి దూడ అడ్డం తిరిగిందని కబురొస్తే, అడగడానికి పక్కన పెద్ద డాక్టరు ఉండడు. పట్నంలో కోళ్ల కంపెనీలు, కుక్కల క్లినిక్కులు రమ్మంటుంటాయి. ఏడాది తిరక్కుండా బదిలీ కాగితం పెట్టాడంటే తప్పు అతనిదొక్కడిదే కాదు.

అందుకని ప్రభుత్వం మొదటి ఏడాదిని చక్కదిద్దాలి. పశువైద్య పట్టా కోర్సు ఐదున్నరేళ్లు. అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ ఏడాదిలో రెండు నెలలు భద్రాచలం, చర్ల వైపు ఆసుపత్రుల్లో పని చేయిస్తే అడవి పని ముందే అలవాటవుతుంది. కొత్త డాక్టరుకు మొదటి ఆరు నెలలు అనుభవమున్న డాక్టరును తోడివ్వాలి. ఆసుపత్రి పక్కనే క్వార్టరు, టీకాలు చెడకుండా ఫ్రిజ్, ఐసు పెట్టె ఉండాలి. మూడేళ్లు నిలిచి పనిచేసినవాళ్లకు కోరుకున్న చోటికి బదిలీ ఇస్తామని రాతపూర్వకంగా చెప్పాలి.

అంతకన్నా గట్టి దారి మన పిల్లలే డాక్టర్లు కావడం. ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020లో కొట్టేసింది. కాబట్టి పోస్టు దగ్గర కాక, చదువు దగ్గరే మొదలుపెట్టాలి. ఇంటర్ బైపీసీ చదివే కోయ పిల్లలకు ఐటీడీఏ ప్రవేశ పరీక్ష శిక్షణ ఇప్పించి, పశువైద్య కాలేజీ చదువు ఖర్చు భరిస్తే, వాళ్లలో కొందరైనా సొంత మండలానికి తిరిగొస్తారు. మాట కలిసే డాక్టరుకు గూడెంలో కబురు తొందరగా అందుతుంది.

రైతు సోదరులారా, మన వంతూ ఉంది. నాటు మందులు, ఊళ్లో సూదులేసే మనిషి, అన్నీ అయ్యాక ఆఖరి ఘడియలో డాక్టరును పిలుస్తాం. పశువు చస్తే పేరు అతనికి. లేత జొన్న మేసి నాము కట్టిన గొడ్డుకు నరంలో ఇంజెక్షన్ నిమిషాల మీద పడాలి. గంట ఆగి పిలిస్తే ఎవరేం చేస్తారు? డాక్టరమ్మ వస్తే “ఆడపిల్ల ఏం లాగుతది” అనే మాట కూడా మానాలి. అడ్డం తిరిగిన దూడను తీయడం బలంతో కాదు, ఒడుపుతో.

టీకాల రోజున గొడ్లను అడవికి తోలకుండా కట్టేసి ఉంచండి. ఊళ్లో ఒక గది చూసిపెట్టండి. గ్రామసభలో రోడ్డు, బోరు అడిగినట్టే పశువుల డాక్టరునూ అడిగి తీర్మానం రాయించండి. డాక్టరును పంపించడం సర్కారు పని. వచ్చిన డాక్టరును నిలుపుకోవడం సర్కారుకూ మనకూ చెరి సగం.