ఓర్పు వాళ్ళది, మౌనం మనది

1970లలోనే పిట్స్‌బర్గ్‌లో వెంకన్న గుడి కట్టుకున్నాం. మతం మార్చుకుంటేనే ఉండనిస్తామని అమెరికా మనతో అనలేదు. మన పక్కనున్న ఒడిశాలో, 2008లో కంధమాల్ క్రైస్తవులకు మాత్రం ఆ మాటే వినిపించింది: హిందువులుగా మారితేనే ఊళ్ళోకి రండి!

స్వామి లక్ష్మణానందను చంపింది తామేనని మావోయిస్టులు చెప్పుకున్నా, తగలబడింది దళిత, ఆదివాసీ క్రైస్తవుల ఇళ్ళు. అడవుల్లో దాక్కుని, శిబిరాల్లో బతికి కూడా ఎందరో విశ్వాసం వదల్లేదు.

అలాగని వాళ్ళ నిరీక్షణ చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఆర్చిబిషప్ రాఫెల్ చీనత్ సుప్రీంకోర్టుకెక్కారు. 827 కేసుల్లో చార్జిషీటు లేకుండా ముగించిన 315 కేసులను మళ్ళీ చూడమని 2016లో కోర్టు చెప్పింది.

ఓర్చుకోవడం వాళ్ళ విశ్వాసం. ఓర్చుకోమని వాళ్ళకే చెప్పడం మన పిరికితనం. ఇక్కడ మనకు కావలసిన స్వేచ్ఛ అక్కడ వాళ్ళకు అక్కర్లేదా?