గ్రీటింగు కార్డుకి కూలి ఎంత?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా వున్న మా కాలనీల్లో నేర్పని విద్య అంటూ లేదు. మేడమీద సర్కారు ఉద్యోగాల పరీక్షలకి కోచింగు, కింద కంప్యూటరు, పక్క వాటాలో మగ్గం వర్కు, వెనకవైపు కేకులు. గోడల మీది బోర్డులు చదువుకుంటూ నడిస్తే చైతన్యపురి ఎప్పుడు దాటామో, కొత్తపేట ఎప్పుడు వచ్చిందో తెలియదు. ఈ విద్యల వరసలో ఈమధ్య వొక కొత్తది చేరింది: చేత్తో చేసే గ్రీటింగు కార్డులు.

"ఫోనులో వేలు నొక్కితే నూరుమందికి పోతోంటే ఇంకా కార్డులేమిటి?" అని మీరు అడగవచ్చు. మావారూ అదే అడిగారు. నిజమే. సంక్రాంతినాడు తెల్లవారేసరికి నా ఫోనులో నలభై శుభాకాంక్షలు వచ్చి కూర్చుంటాయి. వాటిలో సగానికి పైగా వొకే బొమ్మ. అవే చెరుకుగడలు, అదే గాలిపటం. పంపినవారికి నేను జ్ఞాపకం వచ్చానో, లేక వారి జాబితాలో నా పేరు వుండిపోయిందో తేల్చుకోవడం కష్టం. చేత్తో చేసిన కార్డుతో ఆ చిక్కు లేదు. వొకరి కోసం వొకరు గంటసేపు కూర్చుంటేనే అది తయారవుతుంది.

తమాషా ఏమిటంటే, అచ్చు క్రిస్మసు కార్డు పుట్టిందే ఈ కూర్చోవడం తప్పించుకోవడానికి! 1843లో లండనులో హెన్రీ కోల్ అనే పెద్దమనిషి, క్రిస్మసుకి వచ్చిపడే వుత్తరాలకి జవాబులు రాయలేక, జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత వొక బొమ్మ వేయించి అచ్చు కొట్టించాడు. మిగిలినవి వొక్కొక్కటి షిల్లింగుకి అమ్మకానికి పెట్టాడు. అచ్చు వేసిన కార్డే అయినా, రంగులు మాత్రం చేత్తోనే అద్దారు. తప్పించుకుందామన్నా చెయ్యి వదలలేదన్నమాట.

మా ఎదురింటి కోడలు ఈ పని మొదలుపెట్టి మూడేళ్ళయింది. వాళ్ళది నల్లగొండవైపు. ఎం.కాం. చదివింది. ఇద్దరు పిల్లలు. పెద్దవాడు కడుపున పడ్డప్పుడు మానేసిన ఉద్యోగం మళ్ళీ దొరకలేదు. వంటింటి పక్కన బియ్యం డ్రమ్ము జరిపి వొక బల్ల వేసుకుంది. పిల్లలు బడికి వెళ్ళాక, పదకొండు నుంచి రెండు దాకా ఆ బల్ల దగ్గర వుంటుంది. అప్పుడప్పుడు నేను పోయి కూర్చుంటాను. "ఆంటీ, ముట్టుకోకండి, ఇంకా ఆరలేదు!" అంటుంది. ఆ పని చూస్తూ నేను తెలుసుకున్నవి మీకూ చెబుతాను.

కార్డుకి అడుగున వుండే అట్ట పలచన కాకూడదు. చదరపు మీటరుకి 250 గ్రాములు తూగే కాగితం సరిపోతుంది. దుకాణంలో 250 జి.ఎస్.ఎం. అంటే ఇస్తారు. గుడ్డకి పడుగూ పేకా వున్నట్టే కాగితానికీ వొక వాటం వుంటుంది. మెల్లిగా అటూ ఇటూ వంచి చూస్తే, వొకవైపు సులువుగా వంగుతుంది, రెండోవైపు మొరాయిస్తుంది. సులువుగా వంగేవైపే మడత పెట్టాలి. లేకపోతే మడత దగ్గర పీచు పీచుగా పగిలి, ఎంత అందమైన కార్డయినా చిరిగిన నోటులా కనిపిస్తుంది.

ఇంకులు రెండు రకాలు. డై ఇంకు కాగితంలోకి చప్పున పీల్చుకుపోయి ఆరిపోతుంది. పిగ్మెంటు ఇంకు అలా కాదు, కాసేపు పైన తడిగా నిలబడుతుంది. బొమ్మ వుబ్బెత్తుగా రావాలంటే ఈ రెండోదే కావాలి. ఆ ఇంకుతో రబ్బరు ముద్ర వేసి, ఆరకముందే ఎంబాసింగు పొడి పోయాలి. పొడి తడి వున్నచోట అంటుకుంటుంది. మిగిలినది కింద పరిచిన కాగితం మీదికి దులిపి మళ్ళీ సీసాలో పోసుకోవచ్చు. ఇక వేడి తగలాలి. ఆ పొడి నిజానికి వొకరకం ప్లాస్టిక్ రజను. వేడికి కరిగి, నిగనిగలాడుతూ గట్టిపడుతుంది. పొడిపొడిగా, నిర్జీవంగా వున్న గీత చూస్తూండగానే బంగారు తీగలా మెరవడం ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు పుట్టదు.

జుట్టు ఆరబెట్టే మిషను దీనికి పనికిరాదు. దాని వేడి చాలదు, గాలికి పొడి కాస్తా ఎగిరిపోతుంది. మొదట్లో ఆ అమ్మాయి ఇస్త్రీపెట్టె తిరగేసి, దానిపైన కాస్త ఎత్తులో కార్డు పట్టుకునేది. రెండు కార్డులు గోధుమరంగు తిరిగాక, డబ్బు కూడబెట్టి హీట్ గన్ కొంది. ముద్ర వేసేముందు కాగితం మీద చిటికెడు టాల్కం పౌడరు రాసి తుడిస్తే, ఎంబాసింగు పొడి అక్కర్లేనిచోట అతుక్కోదు. ముగ్గు వేయడం వచ్చిన చేతికి ఈ పొడుల మర్మం వొంటబట్టడం ఎంతసేపు!

వేడీ పొడీ అక్కర్లేని పద్ధతి కూడా వుంది. పిల్లలున్న ఇంట్లో అదే మేలు. పాత అట్టముక్కలో పువ్వో మామిడిపిందో కత్తిరించి, ఆ కంతని కిటికీ అద్దానికి టేపుతో అంటించండి. దానిమీద పలచని కార్డు కాగితం బోర్లా పెట్టి, వెలుతురులో కనబడే అంచు వెంబడి సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో వొత్తుతూ పొండి. తిప్పి చూస్తే పువ్వు పైకి లేచి వుంటుంది. పైసా ఖర్చు లేదు.

ఇక పొరలు. అడుగు అట్టమీద వొక రంగు, దానికంటె అన్నివైపులా రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గించి మరో రంగు, ఆపైన బొమ్మ. ఆ సన్నటి అంచు చీరకి జరీ అంచు లాంటిది. వంకర పోయిందా, చూపంతా అక్కడికే పోతుంది. బొమ్మకింద ఫోమ్ టేపు ముక్కలు పెడితే నీడ పడి, పైకి తేలినట్టు వుంటుంది. నీళ్ళ జిగురు ఎక్కువైతే కాగితం వుబ్బి అప్పడంలా లేస్తుంది. వానాకాలంలో మరీను.

సరుకు కోసం ఆ అమ్మాయి ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి, ఎం.జి.బి.ఎస్.లో దిగి, ఆటోలో ఛత్తా బజారు వెడుతుంది. హైదరాబాదులో సగం పెళ్ళిళ్ళు ముందు ఆ సందుల్లోనే జరుగుతాయని నేనంటాను; అంతమంది శుభలేఖలు అక్కడ అచ్చవుతాయి మరి. అక్కడి ప్రెస్సుల్లో కోసి పారేసే మంచి కాగితపు అంచులు చవకగా దొరుకుతాయి. లేసులూ, పూసలూ, తళుకులూ కావాలంటే లాడ్ బజారు.

ఇంతవరకూ ముచ్చటగానే వుంది కదా! అసలు సంగతి ఇప్పుడు చెబుతాను.

పోయిన ఏడాది ఆ అమ్మాయి ఆడపడుచు గృహప్రవేశం తలపెట్టింది. "అరవై కార్డులు చేసిపెట్టమ్మా, నువ్వు ఇంట్లో ఖాళీగనే వుంటవు గద! కాగితాల ఖర్చు నేనిస్త" అన్నది. మంచి మనసుతోనే అన్నది. కాగితం ఖర్చు ఇస్తానన్నది కూడా, చాలామంది అదీ అనరు. కోడలు సరేనని తలవూపింది గాని, ఆ మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి లెక్కల పుస్తకం ముందు పెట్టుకు కూర్చుని వుంది. ఎం.కాం. చదువు ఎక్కడికి పోతుంది?

కార్డు వొక్కింటికి అట్ట, పొరల కాగితం, ఇంకూ పొడీ, లేసు, కవరు, పాడైపోయే వాటి వంతు, అన్నీ కలిపి రూ. 40. అరవైకి రూ. 2,400. ఆడపడుచు ఇస్తానన్నది అంతే. మరి పని? అన్నీ వొకేసారి కోసి, వొకేసారి ముద్రలు వేసి, వరసగా అతికించుకుంటూ పోయినా కార్డుకి నలభై నిమిషాలు. అరవై కార్డులకి నలభై గంటలు. రోజుకి మూడు గంటల చొప్పున రెండువారాల మధ్యాహ్నాలు! ఆ కాగితంలో కూలి అనే మాట రాసి, దాని ఎదుట ఏమీ వేయకుండా పెన్ను పట్టుకుని వుంది. "ఇక్కడ ఎంత వేయాలి ఆంటీ?" అని అడిగింది.

నేను జవాబు చెప్పేలోగా, గుమ్మంలో చిక్కుడుకాయలు తుంచుతున్న వాళ్ళత్తగారు తలెత్తారు. ఆవిడ ముప్ఫయి ఏళ్ళు ఈ వీధి ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుట్టారు. పండుగ వస్తే అర్ధరాత్రి దాకా మిషను చప్పుడు వినబడేది. తీసుకున్నది దారం డబ్బులే. "నేను కుట్టిన జాకెట్లకు ఎవ్వరు లెక్క రాయలే బిడ్డా. నేను గూడ రాయలే. నువ్వు రాసుకో" అని మళ్ళీ చిక్కుళ్ళలో పడ్డారు. సొంత కూతురి పని అది. అయినా ఆ మాట అన్నారు.

గంటకి రూ. 80 చొప్పున నలభై గంటలకి రూ. 3,200. సరుకుతో కలిపి రూ. 5,600. కార్డుకి రూ. 93 పైచిలుకు, అది రూ. 95 అని రాసింది. ఆడపడుచుకి ఫోను చేసి చెబుతున్నప్పుడు ఆ అమ్మాయి గొంతు వణికింది. అవతల కాసేపు మాట లేదు. తర్వాత ముప్ఫయి చాలన్నది, పెద్దవాళ్ళకి మాత్రమే, మిగిలినవారికి ఫోనులో పంపుకుంటానన్నది. గృహప్రవేశంనాడు మాట కాస్త ముభావంగానే వుందట. రూ. 2,850 మాత్రం పూర్తిగా వచ్చింది. కోడలు ఆ డబ్బు తన పేరున్న బ్యాంకు ఖాతాలో వేసుకుంది. ఇప్పుడు ఆ ఆడపడుచే తన ఆఫీసు స్నేహితులకి, "మా మరదలు చేస్తది, తొంభై అయిదు" అని ధరతో సహా చెబుతున్నదట!

అమెరికాలోని వూస్టర్ వూరిలో ఎస్తర్ హౌలండ్ అనే అమ్మాయి వుండేది. 1847లో చదువు ముగించి ఇంటికి వచ్చింది. తండ్రిది కాగితాల వ్యాపారం. ఇంగ్లండు నుంచి వచ్చిన లేసు కాగితపు కార్డు చూసి, ఇలాంటివి నేను చేయలేనా అనుకుని కొన్ని నమూనాలు చేసింది. అన్నగారు వాటిని వూళ్ళు తిప్పి, రెండువందల డాలర్ల బేరం తగిలితే చాలనుకుంటే, అయిదువేల డాలర్లు మించిన ఆర్డర్లతో తిరిగి వచ్చాడని చెప్పుకుంటారు. ఆమె స్నేహితురాళ్ళని పిలిచి, బల్లచుట్టూ కూర్చోబెట్టి, వొకరు కోయడం, వొకరు రంగు పొర పెట్టడం, వొకరు అతికించడం, ఇలా పని పంచింది. లేసు కింద రంగు కాగితం పెట్టి, పొరలు ఎత్తుగా లేపడం ఆమెకి ఇష్టం. తన కార్డుల వెనక ఎర్ర రంగులో హెచ్ అనే అక్షరం వేసేది. ఇది నా పని అని చెప్పడానికి అంతకంటె ఏం కావాలి? ఈ కథ విన్నాక మా ఎదురింటి అమ్మాయి కూడా కార్డు వెనక చిన్న మల్లెమొగ్గ ముద్ర వేస్తోంది.

"ఆప్యాయతకి ధర కడతారా?" అని మీలో కొందరికి కష్టం కలగవచ్చు. ఆప్యాయతకి కట్టవద్దు. మీ అమ్మగారి షష్టిపూర్తికి మీరు చేసే కార్డుకి ఎవరు వెల కట్టగలరు? యునిసెఫ్ వారి మొదటి కార్డు, 1949లో వచ్చినది, అటువంటిదే. యుద్ధం తర్వాత అందిన సాయానికి కృతజ్ఞతగా చెకొస్లొవేకియాలో జిట్కా సామ్‌కోవా అనే ఏడేళ్ళ పాప, కాగితం లేక గాజు పలకమీద వేసిన బొమ్మ అది. అది కానుక. మనం అడిగి చేయించుకున్నది మాత్రం పని. పెళ్ళిలో వంటవారికి కూలి ఇచ్చినంతమాత్రాన విందు రుచి తగ్గిందా?

అందుచేత చేసేవారికి నేను చెప్పేది మూడు మాటలు. సరుకు ఖర్చు, పాడయ్యే వంతు, మీ గంటలు, ఈ మూడూ వేరువేరుగా రాయండి. ధర ముందే చెప్పండి. పని అయ్యాక చెబితే ఇద్దరికీ ఇబ్బంది. తపాలాలో పంపేదైతే తూచి చూడండి. పొరలూ పూసలూ చేరిన కార్డు సులువుగా ఇరవై గ్రాములు దాటుతుంది, దాటితే ఛార్జీ పెరుగుతుంది.

చేయించుకునేవారికి వొక్కటే మాట. మీ కోడలో, మరదలో, ఎదురింటి అమ్మాయో బల్ల ముందు కూర్చుని వుంటే, "ఖాళీగా వున్నావు కదా" అనకండి. "దీనికి ఎంతమ్మా?" అని మీరే ముందు అడగండి. ఆ ప్రశ్న నోరు తెరిచి చెప్పుకోవలసిన కష్టం ఆ పిల్లకి తప్పుతుంది.