పట్టికలోని మాట, వాక్యములోని మాట

ఊరిలో సిమెంటు కర్మాగారము, చేరువనే గోదావరిఖని బొగ్గుగనులు: ఇది బసంత్‌నగర్. 2022-23 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్లమాధ్యమము వచ్చినందున, ఇట్టి చోట్ల శ్రామికుల బిడ్డలకు ఆంగ్ల పర్యాయపదములు, వ్యతిరేకపదములు పరీక్షకు మాత్రమే గాక సకల విద్యకును ద్వారములైనవి. వానిని పట్టికలుగా వల్లెవేయించుట చాలదు.

'ఓల్డ్'కు పట్టిక చెప్పు వ్యతిరేకపదము 'న్యూ'. పాత గనికి అది సరియే. ముసలి తాతకు మాత్రము 'యంగ్' కావలెను. 'హార్డ్' అను మాటకు సున్నపురాతి విషయమున 'సాఫ్ట్', లెక్క విషయమున 'ఈజీ' ఎదురగును. పర్యాయపదముల తీరును ఇంతియే. 'బిగ్', 'లార్జ్' సమానార్థకములే. కాని పెద్దన్న 'బిగ్ బ్రదర్' అగును గాని 'లార్జ్ బ్రదర్' కాడు.

పాతకును ముసలికిని గల భేదము బిడ్డకు తెలుగులో ముందే తెలియును. ఆ తెలివిని తరగతి వాకిట విడిచి రమ్మనుట అవివేకము. పూర్వులు అమరకోశమును వల్లెవేయించిరి. పిదప కావ్యములు చదివించిరి. నేడు వల్లెవేత మిగిలినది; చదివించుట మరుగుపడినది. ఉపాధ్యాయుడు ప్రతి పదమునకును బిడ్డచే తన ఊరిని గూర్చి రెండు వాక్యములు వ్రాయించిన చాలును; పట్టిక తానే మనస్సున నిలుచును.