మేయరు గారి బుల్డోజరు

శనివారం రాత్రి భోజనం అయ్యాక "ఒక్క అరగంటే" అని కూర్చుంటే తలెత్తేసరికి రెండున్నర. మా ఆవిడ అడిగే ప్రశ్న ఒకటే: "వారమంతా ఎవరో చేసిన గందరగోళం సర్దడమేగా మీ పని? మళ్ళీ ఇంట్లో కూడా ఈ డ్రైనేజీ పైపులెందుకండీ?"

న్యాయమైన ప్రశ్నే. ఆట పేరు సిటీస్: స్కైలైన్స్. ఫిన్లాండ్‌లో ఓ చిన్న కంపెనీ 2015లో తెచ్చింది. కాల్చుకోవడాలూ చంపుకోవడాలూ ఉండవు. రోడ్లెయ్యాలి, కరెంటివ్వాలి, చెత్త ఎత్తించాలి, అంతే. ఈ బాపతు ఆటలకి మూలపురుషుడు విల్ రైట్. 1984లో వచ్చిన తన హెలికాప్టర్ ఆట రాస్తున్నప్పుడు, బాంబులెయ్యడం కన్నా ఆ దీవుల మ్యాపులు కట్టుకోవడమే సరదాగా ఉందనిపించిందట ఆయనకి. దాంట్లోంచి పుట్టిందే 1989 నాటి సిమ్‌సిటీ.

మొదట్లో నేనో ఘనకార్యం చేశా. పెద్ద కాలనీ మొత్తాన్ని ఒకేసారి తెరిచేశా. జనం బిలబిలమంటూ వచ్చారు, దాదాపు అంతా ఒకే ఈడు వాళ్ళు. కొన్నేళ్ళు పన్నులు బ్రహ్మాండంగా వచ్చాయి. తర్వాత అందరూ ఒక్కసారే పోవడం మొదలెట్టారు! వైకుంఠ రథాలు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాయి, శవాలు ఇళ్ళలోనే ఉండిపోయాయి, ఇళ్ళు పాడుబడ్డాయి. నేను ఇంకో నాలుగు శ్మశానాలు కట్టా. బండ్లు పెరిగి ట్రాఫిక్ ఇంకా బిగుసుకుంది. అసలు తప్పు ఎన్నో గంటల క్రితమే చేసేశానని తెలియడానికి చాలాసేపు పట్టింది. క్యాష్‌లో కీలన్నిటికీ ఒకే ఎక్స్‌పైరీ పెట్టి, అవన్నీ ఒకేసారి చచ్చి డేటాబేసు కూలాక తల పట్టుకున్నవాళ్ళకి నేను విడమర్చి చెప్పక్కర్లేదు. మందు కూడా అదే, విడతలు విడతలుగా తెరవడం.

నాకు నచ్చేది సరిగ్గా ఇదే. ఆఫీసులో ఒక సమస్యకి మూలం పట్టుకోవాలంటే మూడు టీములు, నాలుగు మీటింగులు, చివరికి "మా వైపు అంతా బానే ఉంది" అనే మెయిలు. ఇక్కడ ఒక లారీ మీద నొక్కితే అది ఎక్కణ్ణుంచి బయల్దేరిందో, ఎక్కడికి పోతోందో కనిపిస్తుంది. అబద్ధమాడేవాడు లేడు.

కానీ ఏది లెక్కలోకి తీసుకోవాలి, ఏది వదిలెయ్యాలి అన్నది రాసినవాడి అభిప్రాయమే కదా. సిమ్‌సిటీకి రైట్ ఆధారం చేసుకున్న పుస్తకాల్లో జే ఫారెస్టర్ 1969లో రాసిన 'అర్బన్ డైనమిక్స్' ఒకటి. నగరాన్ని సమీకరణాలుగా మార్చి కంప్యూటర్లో నడిపితే, పేదల పాత ఇళ్ళు కొన్ని కూల్చి పరిశ్రమలకి చోటివ్వడమే మేలని అందులో తేలింది. కూలిన ఇంటివాడి గోడుకి సమీకరణంలో చోటు లేదు మరి.

మొన్న దసరాకి నాన్న వచ్చారు. రోడ్డు వెడల్పులో ఆయన బట్టల కొట్టు ముందుభాగం ఎనిమిదడుగులు పోయి పదిహేనేళ్ళయింది. గోడ మీద గీసిన ఎర్ర గీత నాకింకా గుర్తే. నేను ఆరు లైన్ల రోడ్డు కోసం ఒక వరస ఇళ్ళు టకటకా కూల్చేస్తుంటే వెనకనించి అడిగారు: "వాళ్ళకి నోటీసిచ్చావట్రా?"

ఇందులో అలాంటిది లేదు నాన్నా అన్నా. కాసేపు చూసి, "ఆ చెరువు పక్కనంతా ఖాళీయేగా, అటునించి తిప్పు" అన్నారు.

తిప్పా. ఖర్చు రెట్టింపైంది, ఆ జంక్షన్ ఇప్పటికీ జామే. ఆయన మాత్రం మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, "ఏమైందిరా ఆ రోడ్డు?" అని అడిగారు :)